రైలుకు పని పడే చోటు

రైళ్లు చూడటానికి మంచి చోటేదని ఎవరినైనా అడగండి, ఒక ఫొటో చూపిస్తారు. దూధ్‌సాగర్ జలపాతం ముందు నుంచి వెళ్తున్న రైలు, పంబన్ దగ్గర సముద్రం మీద పాకుతున్న రైలు, అరకు కొండల్లో సొరంగంలోంచి తల బయటపెట్టిన రైలు. ఆ ఫొటోను నమ్ముకుని ప్రయాణం పెట్టుకుంటాం. తీరా వెళ్లాక ఆ ఫొటో తీసినాయన ఎక్కడ నిలబడ్డాడో తెలియదు. తెలిసినా మనల్ని అక్కడికి పోనివ్వరు. పోనిచ్చినా రైలు వచ్చే వేళకు ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. రెండు గంటలు పడిగాపులు కాసి, ఒక్క రైలును పదిహేను సెకన్లు చూసి, ఇంతేనా అనుకుంటూ తిరిగొస్తాం. ఇందులో చోటు తప్పేమీ లేదు, వెతికిన పద్ధతే తప్పు. కొండో జలపాతమో ఉన్నంత మాత్రాన అక్కడ రైలు బాగా కనిపించాలని ఎక్కడా రాసిలేదు. రైలు బాగా కనిపించేది దానికి ఏదో ఒక పని పడినప్పుడు. ఎత్తు ఎక్కాలి, నది దాటాలి, ఎదురు బండికి దారి ఇవ్వాలి, జంక్షనులో ఒక లైను వదిలి ఇంకో లైను పట్టాలి. ఇవన్నీ ఎక్కడెక్కడ జరగాలో నేల వాలు, దాని మీద లైను వేసిన ఇంజనీర్లు ఎప్పుడో తేల్చేశారు. చేతిలో మ్యాపు, రైళ్ల వేళలు, సూర్యుడు ఎటున్నాడన్న కాస్త స్పృహ ఉంటే ఏ కొత్త ఊళ్లోనైనా అలాంటి చోటును ఎవరినీ అడగకుండానే పట్టుకోవచ్చు.

ముందు ఎత్తు సంగతి చూద్దాం, ఎందుకంటే మన కన్ను బాగా మోసపోయేది అక్కడే. రైలు చక్రం ఉక్కు, పట్టా ఉక్కు. ఒకదానిలోకి ఒకటి దిగబడవు కాబట్టి చదును నేల మీద రైలును లాగడం మనం అనుకునేంత కష్టమేమీ కాదు. ఒక టన్ను బరువును నెమ్మదిగా దొర్లించడానికి సుమారు రెండు కిలోల లాగుడు చాలు, అంటే రెండు చెంబుల నీళ్ల బరువంత. అదే లైను వంద మీటర్లకు ఒక మీటరు చొప్పున పైకి లేచిందనుకోండి, ఆ టన్నుకు మరో పది కిలోల లాగుడు కావాలి. సైకిలు తొక్కేవాడు కూడా పెద్దగా లెక్కచేయని ఆ వాలుకే ఇంజిను పని ఆరింతలైపోతుంది. నిండుగా బొగ్గు వేసుకున్న 58 పెట్టెల గూడ్సు బండి 4,700 టన్నులకు పైనే తూగుతుంది. దానికి ఈ లెక్క వేసుకుంటే వాలు అంటే ఏమిటో అర్థమవుతుంది. రైల్వేవాళ్లు ఈ రహస్యాన్ని దాచలేదు, పట్టాల పక్కనే రాసిపెట్టారు. పొట్టి స్తంభం, దానికి చేతుల్లాంటి రెండు పలకలు, వాటి మీద 100, 150, 200 లాంటి అంకెలు. పలక పైకి చూస్తుంటే లైను ఎక్కుతోంది, కిందికి చూస్తుంటే దిగుతోంది. అంకె చిన్నదయ్యే కొద్దీ వాలు ఎక్కువ. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఈ స్తంభాలను ఓ కంట కనిపెడితే, మళ్లీ వచ్చి చూడదగ్గ చోటు ఏదో ప్రయాణంలోనే తెలిసిపోతుంది.

దేశంలోని బ్రాడ్‌గేజ్ లైన్లలో ఈ అంకె బాగా చిన్నదిగా కనిపించే చోట్లలో ముంబై–పుణే మధ్య ఉన్న భోర్ ఘాట్ ఒకటి. అక్కడి అంకె 37. పై లెక్క ప్రకారం టన్నుకు 27 కిలోల అదనపు లాగుడు. 1863లో ఈ దారి తెరిచారు. అప్పటి నుంచి ఆవిరి పోయింది, కరెంటు వచ్చింది, కొండ మాత్రం అంతే ఉంది. అందుకే ముంబై వైపు నుంచి వచ్చే చాలా రైళ్లకు ఇప్పటికీ కర్జత్‌లో వెనకవైపు మరో రెండు మూడు ఇంజిన్లు తగిలిస్తారు. అవి కొండెక్కే దాకా నెట్టి లోనావాలాలో విడిపోతాయి. రైల్వేవాళ్లు వీటిని బ్యాంకర్లంటారు. వెనక నుంచి నెట్టడంలో ఓ జాగ్రత్త ఉంది. బరువంతా ముందు లంకెల మీదే పడదు, పొరపాటున ఏ లంకె తెగినా పెట్టెలు వెనక్కి జారిపోవు. ముంబైలో మధ్యాహ్నం బయల్దేరి సికింద్రాబాద్, విజయవాడల మీదుగా భువనేశ్వర్ వెళ్లే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఈ ఘాట్‌ను వెలుతురు ఉండగానే ఎక్కుతుంది. అందులో వచ్చే మనవాళ్లలో చాలామంది కర్జత్‌లో బండి ఎందుకు ఆగిందో పట్టించుకోరు, బటాటా వడ కొనుక్కుని సీట్లో సర్దుకుంటారు. వడ తప్పనిసరే, కాదనను. కానీ దాన్ని చేత్తో పట్టుకుని ప్లాట్‌ఫారం వెనక కొసకేసి చూడండి. బ్యాంకర్లు మనిషి నడకంత వేగంతో వచ్చి, ఆఖరి పెట్టెకు కొద్ది దూరంలో ఓసారి ఆగి, మళ్లీ అంగుళం అంగుళం కదిలి వచ్చి ఆనుకుంటాయి. లంకె పడిన చప్పుడు వినిపిస్తుంది, ఆ వెంటనే సన్నని కుదుపు ఒకటి పెట్టె నుంచి పెట్టెకు పాకుతూ ముందుకు పోతుంది. ఎక్కబోయే కొండ ఇంకా కనిపించలేదు, అయినా ఆ కుదుపులో కొండ బరువు తెలుస్తుంది.

మన దగ్గర ఇదే పాఠం చెప్పే దారి కొత్తవలస–కిరండూల్ లైను. రైల్వేవాళ్ల నోట్లో కేకే లైను. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు, అక్కడి నుంచి జపానుకు పంపడం కోసం 1960లలో వేశారు. దారి పొడవునా 58 సొరంగాలు. శృంగవరపుకోట మైదానం దాటాక లైను అరవై మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కుతూ త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస మీదుగా శిమిలిగూడ చేరేసరికి సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకు వచ్చేస్తుంది. కాశ్మీరు లైను పడేదాకా దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నింటిలోకీ ఎత్తైనది శిమిలిగూడే. 2017లో ఈ దారిలో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె పెట్టారు, దాని టికెట్ల కోసం సెలవుల్లో పోటీ. లోయను చూడటానికి ఆ పెట్టెను మించింది లేదు, నిజమే. రైలును చూడటానికి మాత్రం అది పనికిరాదు. రైలెక్కినవాడికి అన్నీ కనిపిస్తాయి, ఒక్క రైలు తప్ప. మామూలు పెట్టెలో, అందులోనూ వెనక పెట్టెల్లో కూర్చున్నవాళ్లు నయం. బండి మెలిక తిరిగిన ప్రతిసారీ ముందు సగం రైలు కిటికీలోంచి కనిపిస్తుంది, ఇంజిను సొరంగంలో దూరడం, దాని వెనకే ఒక్కో పెట్టే మాయమైపోవడం చూస్తారు. ఇక ఈ లైనులో అసలు ఆట గూడ్సు బళ్లది. ఖాళీ బళ్లు పైకెక్కుతాయి, ఖనిజం నింపుకున్నవి కిందికి దిగుతాయి. చూసేవాళ్లకు దిగేవే ఎక్కువ ఆసక్తి: అంత బరువును వాలు మీద జారిపోకుండా బిగపట్టి దించడం లాగడం కన్నా సున్నితమైన పని. బొర్రా గుహలు చూడటానికి దిగినవాళ్లు గుహల పని ముగిశాక స్టేషన్లో ఓ గంట కూర్చుంటే ఈ రెండు రకాల బళ్లూ చూసే వీలుంది. ఒంటి లైను ఉన్నంత దూరం ఒక బండి లూప్ లైనులోకి తప్పుకోవాలి, రెండోది మెయిన్ మీద వెళ్లాలి. మన ప్రయాణికులు విసుగ్గా క్రాసింగ్ పడిందంటారే, అదే ఇది. డబ్లింగ్ పనులు పూర్తయ్యే కొద్దీ ఈ ఎదురుచూపులు తగ్గిపోతాయి. ప్రయాణికులకు అది మేలే, చూసేవాళ్లకే కాస్త లోటు.

ఇక్కడ పాతకాలపు రైలు ప్రేమికులు ఒక అభ్యంతరం చెబుతారు. ఆవిరి ఇంజిను కొండెక్కుతుంటే పొగ, రొప్పు, నిప్పురవ్వలు ఉండేవి. డీజిల్‌కైనా గర్జన ఉండేది. కరెంటు ఇంజిను ఉలుకూ పలుకూ లేకుండా పోతుంటే, పైన తీగలు, పక్కన స్తంభాలు అడ్డం పడుతుంటే ఇంకేం చూస్తామని. స్తంభాల విషయంలో వాళ్లు చెప్పింది ఒప్పుకోక తప్పదు. చప్పుడు విషయంలో మాత్రం ఒప్పుకోలేం. కష్టం తగ్గలేదు, కష్టం చేసే చప్పుడు తగ్గింది, అంతే. పైగా ఇప్పటి త్రీఫేజ్ ఇంజిన్లు దిగుడులో బ్రేకు వేసినప్పుడు వాటి మోటార్లే జనరేటర్లుగా మారి కరెంటు తయారుచేసి, దాన్ని తిరిగి పై తీగలోకి పంపుతాయి. అంటే కొండ దిగుతున్న బండి తన బరువుతో పుట్టించిన కరెంటు అదే తీగ కింద ఎక్కుతున్న మరో బండికి అందవచ్చు. ఈ సంగతి తెలిసి చూస్తే చప్పుడు లేని ఆ దిగుడు కూడా కళ్లార్పకుండా చూడదగ్గదే. చూడటమంటే సగం తెలిసి ఉండటమే కదా.

రెండో అభ్యంతరం వేగం గురించి. రైలంటే వేగం, నత్తనడక నడిచే చోట ఏముంది, గంటకు 130 కిలోమీటర్లతో దూసుకుపోయే చోట నిలబడాలి గానీ, అంటారు. లెక్క చూద్దాం. 22 పెట్టెల ఎక్స్‌ప్రెస్ ఇంజినుతో కలిపి సుమారు 550 మీటర్లు. 130 కిలోమీటర్ల వేగంలో అది ఒక చోటును దాటడానికి పట్టేది పదిహేను సెకన్లు. ముప్ఫై కిలోమీటర్ల వేగంలో అరవై ఆరు సెకన్లు. మొదటిదాంట్లో దక్కేది గాలి దెబ్బ, గుండె దడ. రెండోదాంట్లో రైలు దక్కుతుంది: ఇంజిను పక్కన రాసిన షెడ్డు పేరు, తలుపు మెట్ల మీద కూర్చున్న మనిషి, కిటికీలో ఆరేసిన తువ్వాలు, పెట్టెల మీద రాసిన ఊరు పేర్లు. అయినా వేగం రుచి చూడాల్సిందే అనుకునేవాళ్లకు సరైన చోటు పెద్ద రైళ్లు ఆగని చిన్న స్టేషను. ప్లాట్‌ఫారం అంచు నుంచి బాగా వెనక్కి జరిగి, వీలైతే బెంచీ మీద కూర్చుని చూడాలి. అక్కడ రైలుతో పాటు రైల్వే కూడా కనిపిస్తుంది. స్టేషను సిబ్బంది ఒకరు పచ్చజెండా పట్టుకుని బయటికొస్తారు. ఇంజినులోంచి లోకో పైలట్, చివరి పెట్టె నుంచి గార్డు (2022 నుంచి ఆయన హోదా పేరు ట్రైన్ మేనేజర్) బదులుగా తమ పచ్చజెండాలు చూపిస్తారు. పోతున్న బండికి ఏ లోపమూ కనిపించలేదని ఇరువైపులా చెప్పుకోవడం అన్నమాట. రైలు పోయాక కూడా ఆ జెండా పట్టుకున్నాయన కళ్లు చివరి పెట్టె వెనకనే ఉంటాయి. అక్కడ పెద్ద ఇంటూ గుర్తు, ఎల్‌వీ అన్న పలక ఉంటాయి, రాత్రయితే ఎర్ర దీపం. ఆ గుర్తు కనిపించిందంటే బండి మొత్తం వచ్చేసింది, వెనక పట్టాల మీద పెట్టె ఏదీ తెగి ఉండిపోలేదు. ఆ నమ్మకం కుదిరాకే వెనక బండికి దారి దొరుకుతుంది. వేలమంది రోజూ చూసే ఆ ఇంటూ గుర్తుకు అర్థం అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువ.

జంక్షన్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అవి ఎక్కడున్నాయో అందరికీ తెలుసు. అక్కడ ఏ మూల నిలబడాలన్నదే ప్రశ్న. పెద్ద స్టేషను నడుమన పైకప్పు, జనం, పార్సిళ్ల గుట్టలు; అక్కడ పెట్టెలు కనిపిస్తాయి తప్ప రైలు కనిపించదు. ప్లాట్‌ఫారం కొసకో, నడక వంతెన మీదికో పోవాలి. చెన్నై, కాజీపేట, విశాఖపట్నం, గుంటూరు, మచిలీపట్నం వైపుల లైన్లన్నీ కలిసే విజయవాడలో బండిని అవుటర్‌లో ఆపేశారని ప్రయాణికులు తరతరాలుగా గొణుగుతూనే ఉన్నారు. అటు చూసేవాడికి ఆ గొణుగుడే పండగ: ఒకటి ఆగితేనే ఇంకోటి పక్క నుంచి పోతుంది. కాజీపేటలో ఢిల్లీ–చెన్నై ప్రధాన మార్గం నుంచి సికింద్రాబాద్ లైను చీలుతుంది, ఇంజిను షెడ్లూ అక్కడే ఉన్నాయి, కాబట్టి పెట్టెలేవీ లేకుండా ఒంటరిగా తిరిగే ఇంజిన్లు కూడా కనిపిస్తాయి. ఇంజిను ఒంటి మీది అక్షరాలు చదవడం కూడా అరగంటలో పట్టుబడే విద్యే. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, ఏ అంటే కరెంటు, డీ అంటే డీజిల్, పీ అంటే ప్రయాణికుల బండిది, జీ అంటే గూడ్సుది. పక్కన లాలాగూడ అనో, విజయవాడ అనో, దేశం అవతలి కొసన ఉన్న ఇంకేదో షెడ్డు పేరో ఉంటుంది. ఆ పేరు చూసి ఈ ఇంజిను ఎంత దూరం వచ్చిందో ఊహించుకోవడం ఓ సరదా.

నదుల దగ్గరికి వచ్చేసరికి అసలు మెలకువ సూర్యుడిది. విజయవాడలో కృష్ణ మీది రైలు వంతెనలు ప్రకాశం బ్యారేజీకి దిగువన, అంటే తూర్పు వైపున ఉన్నాయి. కాబట్టి బ్యారేజీ మీద నిలబడి చూసేవాళ్లకు సాయంత్రం మంచిది, ఎండ వీపు మీద పడి ఎదుటి రైలును వెలిగిస్తుంది. పొద్దున వస్తే రైలు నల్లటి గీతే. జంక్షను పక్కనే ఉంది కాబట్టి దాదాపు ప్రతిదీ ఆగబోతున్న రైలో, అప్పుడే బయల్దేరిన రైలో అయి ఉంటుంది, చూడనిచ్చేంత నెమ్మదిగా పోతుంది. రాజమండ్రిలో ఈ లెక్క తిరగబడుతుంది. ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది, ఘాట్ల మెట్ల మీద కూర్చుంటే మన ముఖం పడమటికి. పొద్దున రైలు రంగులతో సహా కనిపిస్తుంది. సాయంత్రం ఎర్రటి ఆకాశం మీద దాని నీడబొమ్మ మాత్రమే. రెండూ బాగుంటాయి గానీ, ఏది కావాలో ముందే తేల్చుకుని వెళ్లాలి.

రాజమండ్రి దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే రైలు చూడటానికి వంతెన మంచిదా చెడ్డదా అన్నది అక్కడి మూడు వంతెనలే తేల్చి చెబుతాయి. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన 150 అడుగుల గర్డర్లు 56 వరసగా పేర్చినది, 1997లో దాని ఉద్యోగం ముగిసింది. 1974లో వచ్చిన రెండోది కింద రైలు, పైన రోడ్డు. చాలామంది రైలు చూద్దామని దీని మీదే ఆగుతారు. అక్కడ రైలు వినిపిస్తుంది, కాళ్ల కింద తెలుస్తుంది, కనిపించదు. పేరున్న చోటుకూ చూడగలిగే చోటుకూ తేడా ఇదే. మూడోది కాంక్రీటు కమానుల వంతెన, ఒక్కొక్కటి 97 మీటర్లకు పైగా పొడవున్న 28 కమానులు. ఇక్కడ రైలు కమానుల నడుమ నుంచి పోతుంది, పక్క నుంచి చూస్తే దాన్ని మూసేసే అడ్డేమీ లేదు. 22 పెట్టెల బండి ఏ క్షణంలో చూసినా ఐదారు కమానుల కింద పరుచుకుని ఉంటుంది. ఒక కమాను ఖాళీ అవుతుంటే ముందు కమాను నిండుతుంది. గంటకు 60 కిలోమీటర్లతో వెళ్తోందనుకుంటే ఇంజిను వంతెనెక్కిన దగ్గర్నుంచి చివరి పెట్టె దిగేదాకా మూడు నిమిషాలకు పైనే. పదిహేను సెకన్లెక్కడ, మూడు నిమిషాలెక్కడ. లోపల అదే సమయంలో జనం చిల్లర తీసి గోదావరిలోకి విసిరి దణ్ణం పెట్టుకుంటూ ఉంటారు. ఘాట్ మీద కూర్చున్నవాళ్లకు ఆ చేతులు కనిపించవు, ఒక్కోసారి కిటికీల దగ్గర ఓ మెరుపు మాత్రం కనిపిస్తుంది.

ఇంత చెప్పాక చట్టం మాట రాకతప్పదు. మంచి చోట్లన్నీ నిషేధించిన చోట్లే కదా, గీత దాటకపోతే చూసేదేముంది అనేవాళ్లున్నారు. దూధ్‌సాగర్‌కు పట్టాల వెంట నడిచి వెళ్లడాన్ని రైల్వే నిషేధించింది. అయినా 2023 జులైలో గుంపులుగా వెళ్లినవాళ్లను పట్టుకుని గుంజీలు తీయించారు, ఆ వీడియోలు దేశమంతా తిరిగాయి. రైల్వే చట్టం 147వ సెక్షను కింద అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్తే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అసలు భయపడాల్సింది జరిమానాకు కాదు. పై తీగలో 25,000 వోల్టులుంటాయి, ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా లాగేస్తుంది. వేగంగా వచ్చే బండి అత్యవసర బ్రేకు వేసినా ఆగేసరికి సుమారు కిలోమీటరు పడుతుంది. ఇందాక మెచ్చుకున్న చప్పుడు లేని కరెంటు ఇంజినే వీపు వెనక నుంచి వస్తే యముడు. ఇవన్నీ పక్కన పెట్టినా, పట్టాల పక్కన నిలబడ్డవాడికి కనిపించేది ఇంజిను ముఖం, ఆ తర్వాత గోడలా కదిలిపోయే పెట్టెలు. మొత్తం రైలు, దాని వంపు, దాని నేపథ్యం కనిపించాలంటే దూరం కావాలి, ఎత్తు కావాలి. అవి రెండూ దొరికేది పట్టాలకు అవతలే. పంబన్‌లో 2025 ఏప్రిల్‌లో మొదలైన కొత్త రైలు వంతెన పక్కనే అంతకన్నా ఎత్తున రోడ్డు వంతెన ఉంది. రామేశ్వరం వెళ్లే మనవాళ్లు పడవల కోసం పైకి లేచే 72.5 మీటర్ల ఆ మధ్య భాగాన్ని అక్కడి నుంచి చూడవచ్చు. భువనగిరి కోట గుట్ట ఎక్కితే సికింద్రాబాద్–కాజీపేట లైను మీద పోయే రైలు మొదలూ చివరా కలిపి ఒకే చూపులో కనిపిస్తుంది. వంతెనల దగ్గర, సొరంగాల దగ్గర ఫొటోలు తీయకూడదన్న బోర్డు ఉంటే ఫోను జేబులో పెట్టేయండి. కళ్లకు ఏ బోర్డూ లేదు.

వేళల విషయంలో యాప్‌లున్నాయి కదా అంటారు. ఉన్నాయి, ప్రయాణికుల రైళ్లకు బాగా పనికొస్తాయి. గూడ్సు బళ్లు మాత్రం వాటిలో కనిపించవు. వాటికి పాత పద్ధతే గతి: సిగ్నల్ ఎరుపు వదిలిందా, గేట్‌మన్ గేటు దించుతున్నాడా. గేటుకు కొన్ని వందల మీటర్ల ముందు కొన్నిచోట్ల డబ్ల్యూ/ఎల్ అని రాసిన పసుపు పలక ఉంటుంది, అది చూసి డ్రైవరు హారను మోగిస్తాడు. రైలు కనిపించకముందే వినిపించాలంటే అలాంటి గేటు దగ్గర, రోడ్డు మీద, గేటుకు ఇవతల నిలబడితే సరి. ఇదంతా పనీపాటా లేనివాళ్ల వ్యవహారమని కొట్టిపారేసేవాళ్లకు జవాబు కూడా ఆ గేటు దగ్గరే ఉంది. బండి దిగి ముందుకొచ్చి, చంకలోని పిల్లకు రైలు చూపిస్తూ పెట్టెలు లెక్కపెట్టే తండ్రి లేని గేటు ఈ దేశంలో ఉండదు.

ఈ కోరిక సహజమని ఒప్పుకున్న దేశాలు దానికి చోటు కేటాయించాయి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆల్టూనా దగ్గర 1854లో గుర్రపు లాడంలా లోయను చుట్టి వేసిన హార్స్‌షూ కర్వ్ ఉంది. అక్కడ ఇప్పటికీ బరువైన గూడ్సు బళ్లకు అదనపు ఇంజిన్లు తగిలిస్తారు, అచ్చం మన కర్జత్‌లాగే. ఆ మలుపు లోపలి వైపున చూసేవాళ్ల కోసం పార్కు పెట్టారు. కాలిఫోర్నియాలోని టెహాచపీలో పొడవాటి గూడ్సు బండి చుట్టు తిరిగి తన తోక మీదుగా తానే దాటుతుంది. చికాగోకు పడమరన రోషెల్ అనే చిన్న ఊళ్లో రెండు కంపెనీల లైన్లు ఒకదాన్నొకటి కోసుకుపోయే చోట పైకప్పు వేసి కూర్చునే ఏర్పాటు చేశారు. చికాగో చుట్టుపక్కల ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఆదివారం కారులో వెళ్లి రాగలిగినంత దూరమే. మూడూ రైలుకు పని పడే చోట్లే, మూడింటిలోనూ చూసేవాడు కంచెకు ఇవతలే ఉంటాడు. జనాన్ని తరిమే ఖర్చు కన్నా కూర్చోబెట్టే ఖర్చు తక్కువని వాళ్లకు అర్థమైంది.

మనకు అంత కష్టపడాల్సిన పని కూడా లేదు, చోటు సిద్ధంగా ఉంది. రైళ్లు మానేసిన హేవలాక్ వంతెన రైళ్లు తిరిగే కమానుల వంతెన పక్కనే గోదావరి మీద ఉంది. దాన్ని పర్యాటక స్థలంగా మార్చాలన్న మాట చాలాకాలంగా నలుగుతోంది, 2027లో పుష్కరాలు కూడా వస్తున్నాయి. ఆ పని చేసేవాళ్లకు ఒక్కటే విన్నపం. రంగు దీపాలు, సెల్ఫీ బొమ్మలు ఎన్ని పెట్టుకుంటారో పెట్టుకోండి. కమానుల వంతెన వైపు తిరిగి ఉండేలా నాలుగు బెంచీలు, వాటి మీద కాస్త నీడ, పక్కన ఆ రోజు వచ్చే రైళ్ల వేళలు రాసే బోర్డు ఒకటి మాత్రం మరిచిపోకండి.